ఇన్‌ఫీల్డ్‌లో మీ పిల్లవాణ్ని ఎక్కడ ఆడించాలి: కొలిచి తేల్చుకునే పద్ధతి

బేస్‌బాల్ బాగా ఆడే పిల్లవాడికి పదీ పన్నెండేళ్ల మధ్య కోచ్ ఒక స్థానం ఖాయం చేసేస్తాడు. పొడుగ్గా ఉంటే ఫస్ట్ బేస్, పొట్టిగా చురుగ్గా ఉంటే సెకండ్ బేస్, ఒళ్లు గట్టిగా ఉంటే థర్డ్ బేస్, జట్టులో అందరికన్నా బాగా ఆడితే షార్ట్‌స్టాప్, అంటే సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య చోటు. ఈ నాలుగు చోట్లూ కలిపితే ఇన్‌ఫీల్డ్. ఈ లెక్క ఆ సీజన్ మ్యాచ్‌లు గెలవడానికి సరిపోతుంది. ఆ పిల్లవాడు పదహారేళ్లకు ఎక్కడ ఆడగలడో చెప్పడానికి మాత్రం పనికిరాదు. పదకొండేళ్లప్పటి ఒళ్లు పదిహేనేళ్లకు ఉండదు. మైదానం కొలతలు కూడా అప్పటికి మారిపోతాయి.

అమెరికాలో ఫ్రిస్కో, ఎడిసన్, కేరీ లాంటి ఊళ్లలో పిల్లల్ని లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో చేర్పించిన తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. మనకు తెలిసిన క్రికెట్‌లో ఫీల్డర్ ఓవర్ ఓవర్‌కీ చోటు మారతాడు. బేస్‌బాల్‌లో స్థానం అంటే ఏళ్ల తరబడి చేసే సాధన, దానికి తగ్గ గ్లవ్, రేపు హైస్కూల్ ఎంపికల్లో పేరు పక్కన పడే గుర్తు. కాబట్టి కంటి అంచనాతో తేల్చకూడదు, కొలవాలి.

పద్ధతి ఇదీ. కుడిచేత్తో విసిరే పిల్లవాణ్ని షార్ట్‌స్టాప్‌లో మొదలుపెట్టండి. కొలతలు కాదనేదాకా అక్కడే ఉంచండి. మొదటి రోజు నుంచే రెండో స్థానం ఒకటి నేర్పించండి. ఎడమచేత్తో విసిరేవాడికి ఇన్‌ఫీల్డ్‌లో ఫస్ట్ బేస్ ఒక్కటే దారి. దానికి తోడు అవుట్‌ఫీల్డ్, అంటే ఇన్‌ఫీల్డ్ వెనక భాగం, నేర్పించాలి.

షార్ట్‌స్టాప్ నుంచే ఎందుకు

షార్ట్‌స్టాప్ ఆడగలిగినవాడు కొద్ది నెలల సాధనతో సెకండ్ బేస్‌కో థర్డ్ బేస్‌కో మారగలడు. ఫస్ట్ బేస్‌లోనే పెరిగినవాడు పదహారేళ్లకు షార్ట్‌స్టాప్ కావడం దాదాపు జరగని పని. అమెరికాలో పై స్థాయి ప్రొఫెషనల్ పోటీ అయిన మేజర్ లీగ్ ఆటగాళ్లను చూసినా ఇదే కనిపిస్తుంది. మైక్ ష్మిట్, చిప్పర్ జోన్స్, మానీ మచాడో ముగ్గురూ షార్ట్‌స్టాప్‌లుగా డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) ఎంపికయ్యి థర్డ్ బేస్‌లో పేరు తెచ్చుకున్నారు. డస్టిన్ పెడ్రోయా కాలేజీలో షార్ట్‌స్టాప్, బోస్టన్‌లో సెకండ్ బేస్‌మన్. అలెక్స్ రోడ్రిగెజ్ 2004లో న్యూయార్క్ జట్టు యాంకీస్‌లో చేరినప్పుడు షార్ట్‌స్టాప్ వదిలి థర్డ్ బేస్‌కు వెళ్లాడు. ఎదురుదిశలో వచ్చినవాడు మూకీ బెట్స్: అవుట్‌ఫీల్డ్ కుడివైపు రైట్‌ఫీల్డ్‌లో గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్ అవార్డులు) గెలిచాక 2024లో షార్ట్‌స్టాప్ ఆడాడు. అయితే 2011లో అతణ్ని డ్రాఫ్ట్ చేసింది ఇన్‌ఫీల్డర్‌గానే. చిన్నప్పుడు పడ్డ పునాదే అతన్ని వెనక్కి రానిచ్చింది.

ఈ తేడాకు అంకెల్లో కూడా విలువ కట్టారు. ఆటగాళ్ల విలువను లెక్కగట్టే ఫ్యాన్‌గ్రాఫ్స్ పద్ధతిలో పూర్తి సీజన్‌కు షార్ట్‌స్టాప్‌కు 7.5 పరుగులు కలుపుతారు, సెకండ్, థర్డ్ బేస్‌లకు 2.5 చొప్పున కలుపుతారు, ఫస్ట్ బేస్‌కు 12.5 పరుగులు తీసేస్తారు. అంటే ఫస్ట్ బేస్‌మన్ షార్ట్‌స్టాప్‌తో సమానం కావాలంటే బ్యాట్‌తో ఏటా 20 పరుగులు ఎక్కువ తేవాలి. పదకొండేళ్ల పిల్లవాణ్ని ఫస్ట్ బేస్‌కు పరిమితం చేయడమంటే ఆ భారమంతా ఇప్పుడే వాడి బ్యాట్ మీద మోపడమే.

ఎత్తు గురించి భయం వద్దు. కాల్ రిప్కెన్ జూనియర్ ఆరడుగుల నాలుగు అంగుళాలు. 1982లో అతణ్ని థర్డ్ బేస్ నుంచి షార్ట్‌స్టాప్‌కు మార్చారు, మళ్లీ 1997లో గానీ పూర్తిగా థర్డ్ బేస్‌కు పంపలేదు. కోరీ సీగర్‌దీ అదే ఎత్తు. పొడుగు పిల్లవాడు షార్ట్‌స్టాప్‌కు పనికిరాడన్న మాట ఎవరన్నా అంటే, కొలిచి చూపించమని అడగండి.

ఎడమచేతివాళ్ల సంగతి వేరు, అందులో అన్యాయమేమీ లేదు. షార్ట్‌స్టాప్‌లోనో థర్డ్ బేస్‌లోనో బంతి అందుకున్న ఎడమచేతివాడు ఫస్ట్ బేస్‌కు విసరాలంటే ఒళ్లంతా తిప్పుకోవాలి. ఆ అదనపు అడుగులోనే రన్నర్ బేస్ చేరిపోతాడు. అదే ఫస్ట్ బేస్‌లో అయితే వాడి గ్లవ్ సెకండ్ బేస్ వైపు ఖాళీ మీద ఉంటుంది, సెకండ్‌కు విసరడానికి తిరగనక్కర్లేదు, రన్నర్‌ను పట్టి ఉంచేటప్పుడు ట్యాగ్ చేసే (బంతితో తాకి అవుట్ చేసే) చెయ్యి రన్నర్ వైపే ఉంటుంది. పదేళ్ల లోపు సరదా లీగుల్లో ఎడమచేతి పిల్లలు ఎక్కడ ఆడినా నష్టం లేదు.

ఒక జాగ్రత్త. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల విషయంలో ఈ చర్చంతా పక్కన పెట్టండి. ఆ వయసులో ఫస్ట్ బేస్‌కే గట్టి విసుర్లు ఎక్కువ వస్తాయి. ఛాతీ ఎత్తున వచ్చే బంతిని నమ్మకంగా పట్టలేని పిల్లల్ని అక్కడ నిలబెడితే మొహం మీద తగులుతుంది. అక్కడ మొదట చూడాల్సింది భద్రత.

మైదానం ముందుగా

లిటిల్ లీగ్ మేజర్స్ విభాగంలో (పన్నెండేళ్ల దాకా) బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు, పిచింగ్ దూరం, అంటే పిచర్ బ్యాటర్‌కు బంతి విసిరే దూరం, 46. ఇంటర్మీడియట్ విభాగంలో 70, 50. ఆపైన 90 అడుగులు, 60 అడుగుల 6 అంగుళాలు. మేజర్ లీగ్‌లోనూ ఇంతే. 60 అడుగుల మైదానంలో థర్డ్ బేస్ నుంచి ఫస్ట్ బేస్‌కు విసురు సుమారు 85 అడుగులు. 90 అడుగుల మైదానంలో అదే విసురు 127 అడుగులు దాటుతుంది. పన్నెండేళ్లకు థర్డ్ బేస్‌లో మెరిసినవాడు పద్నాలుగేళ్లకు తేలిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. పిల్లవాడి ఆటలో లోపం రాలేదు, విసురు ఒక్కసారిగా సగం పెరిగింది.

పెద్ద మైదానంలో మామూలు లోతున నిలబడ్డ షార్ట్‌స్టాప్ విసురు దాదాపు 120 అడుగులు. థర్డ్ బేస్‌కు తనకు మధ్యనున్న ఖాళీలోకి వెళ్లి అందుకుంటే 130 దాకా వస్తుంది. సెకండ్ బేస్‌మన్ మామూలు విసురు 80 అడుగుల చుట్టూ ఉంటుంది. ఈ మూడు దూరాలు గుర్తుంచుకుంటే కింది కొలతల అర్థం తెలుస్తుంది.

గడియారంతో కొలత

కావలసినవి: ఒక బకెట్‌లో 20 బంతులు, కొలిచే టేపు, నాలుగు కోన్‌లు, స్లో మోషన్ వీడియో తీయగల ఫోన్, ఫస్ట్ బేస్‌లో నిలబడి పట్టగలిగిన ఒక మనిషి.

మొదట రన్నర్లను కొలవండి. మీ లీగ్ మ్యాచ్‌లో పదిమంది బ్యాటర్లకు బంతి బ్యాట్‌కు తగిలిన క్షణం నుంచి కాలు ఫస్ట్ బేస్‌ను తాకేదాకా స్టాప్‌వాచ్ పట్టండి. బంట్‌లు (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా ముందు పడేయడం), బేస్ దాకా గట్టిగా పరుగెత్తని బ్యాటర్లు లెక్కలోకి రాకూడదు. సగటు తీయండి. మేజర్ లీగ్‌లో కుడిచేతి బ్యాటర్ సగటు 4.3 సెకన్లు, ఎడమచేతి బ్యాటర్‌కు 4.2గా స్కౌట్‌లు (జట్ల తరఫున ఆటగాళ్లను అంచనా వేసేవాళ్లు) లెక్కిస్తారు. మీకు కావలసింది ఆ అంకె కాదు, మీ పిల్లవాడి వయసు రన్నర్ల అంకె.

తర్వాత పిల్లవాణ్ని షార్ట్‌స్టాప్‌లో అసలు లోతున నిలబెట్టి, హోమ్ ప్లేట్ దగ్గర నుంచి మధ్యస్థ వేగంతో 20 గ్రౌండ్ బాల్స్ (నేల మీద దొర్లుతూ వచ్చే బంతులు) కొట్టించండి. ఎనిమిది నేరుగా, నాలుగు గ్లవ్ వైపు, నాలుగు బ్యాక్‌హ్యాండ్ వైపు (గ్లవ్ లేని చేతివైపు), నాలుగు మెల్లగా దొర్లేవి. అన్నిటికీ ఫస్ట్ బేస్‌కు విసరాలి. వీడియోలో సమయాన్ని మూడు ముక్కలుగా విడదీయండి: బ్యాట్ నుంచి గ్లవ్‌లోకి, గ్లవ్ నుంచి చెయ్యి వదిలేదాకా, చెయ్యి వదిలిన దగ్గర నుంచి ఫస్ట్ బేస్ గ్లవ్‌లోకి.

పెద్ద మైదానంలో ఒక ఉదాహరణ: 1.9, 0.9, 1.3 సెకన్లు, మొత్తం 4.1. రన్నర్ 4.3లో వస్తే అవుట్. మధ్య ముక్క 0.9 కాకుండా 1.2 అయితే మొత్తం 4.4, రన్నర్ బతికిపోతాడు. బేస్ దగ్గరికి వచ్చేసరికి రన్నర్ సెకనులో పదో వంతుకే రెండు అడుగులకు పైగా కదులుతాడు. అందుకే మొత్తం ఒక్కటే చూస్తే చాలదు. ఏ ముక్కలో సమయం పోతోందన్నదాన్ని బట్టే ఏ స్థానమన్నది తేలుతుంది.

మధ్య ముక్క, అంటే గ్లవ్ నుంచి చేతికి మారడం, సాధనతో అన్నిటికన్నా త్వరగా బాగుపడేది. అది నెమ్మదిగా ఉందని స్థానం మార్చేస్తే తప్పు చేసినట్టే. మూడో ముక్క, విసురు వేగం, పద్నాలుగేళ్ల లోపు తక్కువగా ఉంటే ఆగండి. ఒళ్లు ఎదిగాక చాలామందిలో పెరుగుతుంది. పదిహేను దాటి, సరైన పద్ధతిలో విసురుతున్నా ఇంకా చాలకపోతే సెకండ్ బేస్ వైపు చూడండి. మొదటి ముక్క నెమ్మదిగా ఉండి విసురు బలంగా ఉంటే థర్డ్ బేస్. రెండూ నెమ్మదైతే, చేతులూ బ్యాటూ బాగుంటే ఫస్ట్ బేస్. మొదటి ముక్కను తప్పు పట్టే ముందు కింది పరీక్ష తప్పక చేయండి.

మొదటి అడుగు

పిల్లవాడికి రెండు వైపులా పన్నెండేసి అడుగుల్లో కోన్ పెట్టండి. నలభై అడుగుల దూరం నుంచి ఒకరు బంతిని గట్టిగా దొర్లించాలి, ఏ వైపో ముందు చెప్పకూడదు. పది బంతులు. ఫోన్‌ను ఎదురుగా పెట్టి తీసి, నెమ్మదిగా ఆడించి చూడండి.

చూడాల్సినవి మూడు. బంతి వదిలిన క్షణంలో మడమలు నేల మీద ఉన్నాయా? కదిలే ముందు నడుము పైకి లేస్తోందా? మొదటి అడుగు పక్కకు పడుతోందా, వెనక్కి పడుతోందా? మ్యాచ్‌లో పిచ్ బ్యాటర్ దగ్గరికి చేరే సమయానికి ఫీల్డర్ చిన్నగా ఎగిరి, భుజాల కన్నా కొంచెం వెడల్పుగా, ముందరి పాదాల మీద దిగాలి. ఆ గంతు ముందే అయిపోతే కాళ్లు మళ్లీ నేలకు అతుక్కుంటాయి. ఆలస్యమైతే బంతి తగిలినప్పుడు వాడు ఇంకా గాల్లోనే ఉంటాడు. నెమ్మదస్తులని పేరుపడ్డ పిల్లల్లో చాలామందికి లోపం కాళ్లలో ఉండదు, ఈ గంతు సమయంలో ఉంటుంది. రెండు మూడు వారాలు దీన్నే సరిచేసి గడియారం పరీక్ష మళ్లీ పెట్టండి. అప్పటికీ మొదటి ముక్క తగ్గకపోతేనే పిల్లవాడు నిజంగా నెమ్మది అనుకోవాలి.

చేతులు, తల

ముప్పై అడుగుల నుంచి 20 బంతులు దొర్లించండి: పది నేరుగా, అయిదు బ్యాక్‌హ్యాండ్, అయిదు గ్లవ్‌కు కొంచెం ముందు నేల తాకి లేచేవి. శుభ్రంగా అందుకున్నవి లెక్కపెట్టండి. పద్నాలుగు కూడా రాకపోతే స్థానం గురించి ఇంకా ఆలోచించకండి, ఏ స్థానంలోనైనా ముందు చేతులు కుదరాలి. చాలా తప్పులకు ఒకటే కారణం: గ్లవ్‌ను పై నుంచి కిందికి దించడం. గ్లవ్ ముందే నేలకు ఆనాలి, బంతి ఎగిరితే పైకి రావాలి. కిందికి దిగే చెయ్యి ఎప్పుడూ ఆలస్యంగానే చేరుతుంది.

క్రికెట్ ఆడి వచ్చిన పిల్లల్లో ఒక అలవాటు సరిచేయాలి. మోకాలు నేలకు ఆనించి ఒళ్లు అడ్డం పెట్టి బంతి ఆపడం అక్కడ మంచి పద్ధతి. ఇక్కడ బంతి ఆపగానే విసరాలి, మోకాలు ఆనితే లేవడానికే అర సెకను పోతుంది. వాళ్లకున్న మంచి అలవాటు కూడా ఒకటుంది: ఉత్త చేత్తో బంతిని మెత్తగా తీసుకోవడం. థర్డ్ బేస్ ముందు మెల్లగా దొర్లి ఆగిపోయిన బంతిని గ్లవ్ లేకుండా తీసి విసరాల్సి వచ్చినప్పుడు అది బాగా అక్కరకొస్తుంది.

తల సంగతి మైదానంలో కొలవలేరు, మ్యాచ్‌లో చూడాలి. మూడు ఇన్నింగ్స్ పాటు బంతిని వదిలేసి మీ పిల్లవాణ్నే చూడండి. తనవైపు రాని బంతికి కదులుతున్నాడా? రైట్‌ఫీల్డ్‌కు సింగిల్ పడితే షార్ట్‌స్టాప్ సెకండ్ బేస్ మీదికి రావాలి. లెఫ్ట్‌ఫీల్డ్‌కు పడితే తనే కటాఫ్‌గా (అవుట్‌ఫీల్డ్ నుంచి వచ్చే విసురును మధ్యలో అందుకోవడానికి) వెళ్లాలి, సెకండ్ బేస్‌మన్ బేస్ చూసుకుంటాడు. ఫస్ట్‌లో రన్నర్ ఉండగా బంట్ వేస్తే షార్ట్‌స్టాప్ సెకండ్‌కు, సెకండ్ బేస్‌మన్ ఫస్ట్‌కు పరుగెత్తాలి. బేస్ దొంగిలించే (బ్యాటర్ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తే) రన్నర్ ఉన్నప్పుడు బేస్‌కు ఎవరు వెళ్లాలో ఇద్దరూ ముందే తేల్చుకోవాలి: గ్లవ్‌తో మొహం కప్పుకుని, నోరు మూస్తే నేను, తెరిస్తే నువ్వు. ప్రతి పిచ్‌కూ ముందు ఎన్ని అవుట్లు, ఎవరెక్కడ ఉన్నారు, నాకు వస్తే ఎక్కడికి విసరాలి అని తనంతట తాను చూసుకునే పిల్లవాడు మధ్య ఇన్‌ఫీల్డ్‌కు తగినవాడు. అది రానివాడికి నేర్పవచ్చు, కానీ ఏడాది పడుతుంది.

షార్ట్‌స్టాప్‌లో ఉంచితే

అడుగుల వరుస ఒకటే, దాన్ని ఒంటికి పట్టించాలి: కుడి, ఎడమ, అందుకో, కుడి, ఎడమ, విసురు. బంతికి కొంచెం కుడివైపు నుంచి చుట్టి రావాలి, అప్పుడే ఒళ్లు ఫస్ట్ బేస్ వైపు కదులుతూ ఉంటుంది. గ్లవ్ ఎడమకాలికి ఎదురుగా, కాళ్లకు అడుగు ముందు ఉండాలి. అందుకున్నాక కుడికాలు ఎడమకాలి ముందు నుంచి లక్ష్యం వైపు పడాలి, వెనక నుంచి పడితే విసురు బలం సగం పోతుంది.

ఇక్కడ రెండు తప్పులు పదేపదే కనిపిస్తాయి. ఒకటి, బంతి వచ్చేదాకా వెనక ఎదురుచూడటం. దాంతో బంతి చివరిసారి ఎలా ఎగురుతుందన్నది తన చేతిలో లేకుండా పోతుంది. రెండోది, తీరిక ఉన్నా పరుగులోనే విసరడం. టీవీలో చూసినట్టు విసరాలనే కోరిక సహజం, కానీ సమయం ఉన్నప్పుడు కాళ్లు నిలదొక్కుకుని విసరడమే అవుట్ తెస్తుంది. పరుగులో విసరడం ప్రతి సాధనలోనూ ఐదు బంతులకు మించకుండా నేర్పండి.

తప్పులు పడతాయి, వాటిని చూసి తొందరపడి మార్చకండి. డెరెక్ జీటర్ 1993లో గ్రీన్స్‌బరోలో మైనర్ లీగ్ ఆడుతూ ఒక్క సీజన్‌లో 56 ఎర్రర్లు (స్కోరు పుస్తకంలో రాసే ఫీల్డింగ్ తప్పులు) చేశాడు. యాంకీస్ అతణ్ని షార్ట్‌స్టాప్ నుంచి కదపలేదు. చూడాల్సింది ఎర్రర్ల సంఖ్య కాదు, వాటి రకం. చేరుకున్న బంతిని జారవిడిచినా, విసురు దారి తప్పినా అది నేర్చుకుంటే పోయే తప్పు. బంతి దగ్గరికే చేరలేకపోతే ఎర్రర్ పుస్తకంలో పడదు, కానీ అసలు లోటు అదే.

సెకండ్ బేస్

చెయ్యి బలం లేనివాళ్లకు ఇచ్చే చోటని దీన్ని చాలామంది తక్కువ చేస్తారు. అది తప్పు. డబుల్ ప్లేలో, అంటే ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేసేటప్పుడు, సెకండ్ బేస్‌మన్ రన్నర్ తన వైపు దూసుకొస్తున్నప్పుడు ఎదురుదిక్కు నుంచి బంతి తీసుకుని, ఒళ్లు తిప్పి ఫస్ట్‌కు విసరాలి. ఇన్‌ఫీల్డ్‌లో కాళ్లు, చేతులు అన్నిటికన్నా వేగంగా కలవాల్సిన పని ఇదే.

మొదట నేర్పాల్సిన పివట్ (బేస్ దగ్గర ఒళ్లు తిప్పి విసరడం): బేస్ దగ్గరికి బంతి కన్నా ముందే చేరాలి. ఎడమకాలు బేస్ అంచు మీద. ఛాతీ ముందు రెండు చేతులతో తీసుకోవాలి. బేస్‌ను ఎడమకాలితో వెనక్కి తోసి కుడికాలు మీద దిగి, ఎడమ అడుగు ఫస్ట్ వైపు వేసి విసరాలి. వెనక్కి తోసుకోవడం వల్ల రన్నర్ దారి నుంచి ఒళ్లు తప్పుకుంటుంది. ఇది కుదిరాకే బేస్ దాటి ముందుకు వచ్చి విసరడం నేర్పండి. మొదటి నెల రన్నర్ లేకుండా, రెండో నెల నెమ్మదిగా వచ్చే రన్నర్‌తో చేయించండి. మేజర్ లీగ్‌లో 2016 నుంచి బేస్ వైపే సవ్యంగా జారాలన్న నియమం ఉంది, హైస్కూల్ నియమాలు కూడా ఫీల్డర్‌ను కాపాడతాయి. అయినా పిల్లవాడు నియమాన్ని నమ్ముకుని బేస్ మీద నిలబడకూడదు.

ఫీడ్, అంటే బేస్ మీదికి వచ్చిన షార్ట్‌స్టాప్‌కు బంతి అందించడం, కూడా ఇక్కడే పాడవుతుంది. పది పన్నెండు అడుగుల లోపైతే కింది నుంచి, మణికట్టు గట్టిగా ఉంచి, చెయ్యి షార్ట్‌స్టాప్ ఛాతీ వైపు ఆపి ఇవ్వాలి. మణికట్టు ఆడిస్తే బంతి తల మీదుగా పోతుంది. అంతకన్నా దూరమైతే కుడి మోకాలు దించి, ఒళ్లు కొంచెం తిప్పి, పక్క నుంచి చిన్నగా విసరాలి.

పదేళ్ల నుంచీ సెకండ్ బేస్ మాత్రమే ఆడిన పిల్లలకు ఒక నష్టముంది: 80 అడుగుల విసుర్లకు అలవాటుపడి చెయ్యి ఎదగదు. రెండో స్థానంగా సెకండ్ బేస్ నేర్చుకున్నా, సాధనలో 120 అడుగుల విసుర్లు మానకూడదు.

థర్డ్ బేస్

ఇక్కడ పరుగుకన్నా ప్రతిస్పందన ముఖ్యం. గంటకు 95 మైళ్ల వేగంతో వచ్చే బంతి 90 అడుగుల దూరాన్ని సెకనులో మూడింట రెండు వంతులకు చేరుతుంది. ఆ సమయంలో అడుగు వేయడానికి వీలుండదు, చెయ్యి ఒక్కటే కదులుతుంది. కాబట్టి ధైర్యమున్న, గట్టి బంతికి తల తిప్పుకోని, విసురు బలమున్న పిల్లవాడికే ఇది నప్పుతుంది. తల తిప్పుకునే అలవాటు ఉంటే మొదట టెన్నిస్ బంతులతో, ఇరవై అడుగుల నుంచి, మొహం ముందు గ్లవ్ పెట్టి పట్టించండి. భయం పోయాకే గట్టి బంతి.

థర్డ్ బేస్‌మన్‌ను ముంచేది నెమ్మది బంతి. బంట్, బ్యాట్ చివర తగిలి దొర్లేది. ఎదురుగా పరుగెత్తి, బంతిని తీసుకుని తర్వాతి అడుగు మీదే విసరాలి. బంతి ఆగిపోయి ఉంటేనే ఉత్త చెయ్యి, కదులుతుంటే గ్లవ్. పిల్లలు దీన్ని తలకిందులుగా చేస్తారు.

ఫస్ట్ బేస్

కుడిచేతివాడి కుడికాలు, ఎడమచేతివాడి ఎడమకాలు బేస్ అంచు మీద ఉండాలి, బేస్ పైన కాదు. ముఖ్యమైన తప్పు ముందే కాలు చాపేయడం. విసురు ఎటు వస్తోందో చూశాకే రెండో కాలు చాపాలి. ముందే చాపితే పక్కకు వచ్చిన బంతికి ఏమీ చేయలేడు. బంతి దారి తప్పితే బేస్ వదిలి బంతిని పట్టడమే సరైన పని, రన్నర్ ఫస్ట్‌లో బతికినా సెకండ్ బేస్ దాకా పోలేడు. దీన్ని రెండో స్థానంగా థర్డ్ బేస్ పిల్లవాడు నేర్చుకోవడం మంచి జత. బ్రైస్ హార్పర్ మోచేతి శస్త్రచికిత్స తర్వాత 2023లో అవుట్‌ఫీల్డ్ నుంచి ఫస్ట్ బేస్‌కు మారాడు. ఈ స్థానం ఎప్పటికైనా నేర్చుకోవచ్చు. తొందరేమీ లేదు.

చెయ్యి లెక్క

షార్ట్‌స్టాప్ పిల్లవాణ్నే చాలా జట్లు పిచర్‌గానూ వాడతాయి. అక్కడే మోచెయ్యి దెబ్బతింటుంది. మేజర్ లీగ్ బేస్‌బాల్, యుఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల్లో రోజుకు గరిష్ఠ పిచ్‌లు 9-10 ఏళ్లకు 75, 11-12కు 85, 13-14కు 95. ఆటలో షార్ట్‌స్టాప్ విసుర్లు, సాధనలో విసుర్లు ఈ లెక్కలో రావు, కానీ చేతికి అవీ భారమే. పిచింగ్ చేసిన మర్నాడు షార్ట్‌స్టాప్‌కు బదులు సెకండ్ బేస్ ఆడించమని అడగండి. లిటిల్ లీగ్‌లో ఒక ఆటలో 41 లేదా అంతకన్నా ఎక్కువ పిచ్‌లు వేసినవాడు ఆ రోజు ఇక క్యాచర్‌గా (బ్యాటర్ వెనక కూర్చుని పిచ్‌లు పట్టేవాడు) ఆడకూడదు. మీ కోచ్‌కు గుర్తు చేయడంలో మొహమాటపడకండి. విసిరేటప్పుడు మోచేతి లోపలివైపు నొప్పి వస్తోందంటే ఆ రోజే ఆపించి డాక్టర్‌కు చూపించండి. ఎదిగే ఎముక చివర అక్కడే ఉంటుంది.

పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య ఒళ్లు ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు ఏడాదికి మూడు నాలుగు అంగుళాలు పెరిగే పిల్లలున్నారు. కాళ్లు, చేతులు కొత్త పొడవుకు అలవాటుపడేదాకా నిన్నటిదాకా సులువుగా వచ్చిన బంతి కూడా జారుతుంది. గోడమీద పెన్సిల్‌తో నెలనెలా ఎత్తు గీయండి. గీతలు వేగంగా దూరమవుతున్న నెలల్లో ఏ పరీక్ష ఫలితాన్నీ స్థానం మార్చడానికి వాడకండి.

గ్లవ్, సాధన

హైస్కూల్ వయసుకు సెకండ్ బేస్‌కు 11.25 నుంచి 11.5 అంగుళాలు, షార్ట్‌స్టాప్‌కు 11.5 నుంచి 11.75, థర్డ్ బేస్‌కు 11.75 నుంచి 12. చిన్నపిల్లలకు ఇంకా చిన్నవి. ఫస్ట్ బేస్‌కు ప్రత్యేక మిట్ ఉంటుంది. రెండు స్థానాలు నేర్చుకునేవాడికి 11.5 ఒకటి చాలు. పెరుగుతాడని పెద్దది కొనడం చెడ్డ ఆదా: లోతైన గ్లవ్‌లో బంతి ఎక్కడుందో చెయ్యి వెతుక్కుంటుంది, మధ్య ముక్క సమయం అక్కడే పెరుగుతుంది.

వారానికి మూడు రోజులు, నలభై నిమిషాలు. పది నిమిషాలు గ్యారేజ్ గోడకు టెన్నిస్ బంతి కొట్టి రెండు చేతులతో అందుకోవడం, పది నిమిషాలు నేరు, బ్యాక్‌హ్యాండ్, నెమ్మది బంతులు, పది నిమిషాలు రెండో స్థానం పని, చివరి పది నిమిషాలు అసలు దూరానికి విసుర్లు, ముప్పైకి మించకుండా. అలసిపోయాక చేసిన విసుర్లు చెడు అలవాటునే నేర్పుతాయి. ఏటా రెండు మూడు నెలలు వరుసగా విసుర్లు పూర్తిగా మానించండి.

కోచ్‌తో మాట్లాడటం

సీజన్ మొదలయ్యే ముందే మాట్లాడండి, మ్యాచ్ అయిపోయిన వెంటనే కాదు. మావాణ్ని షార్ట్‌స్టాప్‌లో పెట్టండి అని అడిగితే ఏ కోచ్ అయినా గట్టిపడతాడు. షార్ట్‌స్టాప్, సెకండ్ రెండూ నేర్చుకుంటున్నాడు, ఎక్కడ అవసరమైతే అక్కడ వాడండి, వీలున్నప్పుడు షార్ట్‌స్టాప్‌లో కొన్ని ఇన్నింగ్స్ ఇవ్వండి అని చెప్పండి. జట్టులో అంతకన్నా మంచి షార్ట్‌స్టాప్ ఉంటే సెకండ్ బేస్ ఒప్పుకుని, సాధనలో షార్ట్‌స్టాప్ బంతులు కొనసాగించండి. జట్టు మారే ఆలోచన ఆ ఒక్క కారణానికి వద్దు.

కోచ్ థర్డ్‌కో ఫస్ట్‌కో మార్చాలనుకుంటే కారణం అడగండి. విసురు, మొదటి అడుగు, చేతులు, తల, ఈ నాలుగింటిలో ఏది అని అడిగితే సూటిగా చెప్పగలగాలి. చెప్పినదాన్ని ఇంట్లో 20 బంతులతో కొలిచి చూడండి. గడియారం కోచ్ మాటనే చెబితే మారండి. చెప్పకపోతే అంకెలు ఆయనకు చూపించండి, చాలామంది కోచ్‌లు వాటికి విలువిస్తారు.

మళ్లీ కొలవాల్సిన సమయాలు: 60 నుంచి 70 అడుగుల మైదానానికి మారిన నెల తర్వాత, 90కి మారిన నెల తర్వాత, ఎదుగుదల నెమ్మదించాక ఒకసారి, పదహారేళ్లకు ఒకసారి. పదహారేళ్ల పరీక్షలో మొత్తం సమయం హైస్కూల్ రన్నర్ల సగటు కన్నా తక్కువగా వస్తే షార్ట్‌స్టాప్‌గానే ఎంపికలకు పంపండి. రాకపోతే అప్పటికే నేర్చుకున్న రెండో స్థానం పేరు ముందు రాయండి, షార్ట్‌స్టాప్‌ను దాని పక్కన పెట్టండి.